మూడు నెలల గడువు: 'దో బీఘా జమీన్' చిత్రం గురించి

సభకు నమస్కారం.

ఇప్పుడే మనమందరం కలిసి ఒక పాత హిందీ చిత్రం చూశాం. దీపాలు వెలిగిన తర్వాత కూడా కొంతసేపు ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టడానికి నాకు మనసొప్పడం లేదు గాని, ఈ చిత్రం గురించి చాలా ఏళ్లుగా నా మనసులో తిరుగుతున్న ఒక మాటను మీ ముందు పెట్టాలనే ఈరోజు ఇక్కడికి వచ్చాను.

1953లో బిమల్ రాయ్ తీసిన ఈ చిత్రాన్ని పరిచయం చేసేవారు సాధారణంగా ఒకే వాక్యం చెబుతారు. అమాయకుడైన రైతు పట్నానికి వెళ్లాడు, పట్నం అతన్ని మింగేసింది అంటారు. నేను కూడా మొదట దూరదర్శన్‌లో చూసినప్పుడు అలాగే అనుకున్నాను. తర్వాత మళ్లీ మళ్లీ చూసినకొద్దీ ఆ వాక్యం నాకు తప్పుగా తోచింది. కలకత్తా ఆ రైతును, శంభు మహతోను, పరాయివాణ్ణి చేయలేదు. అతను హౌరా వంతెన మీద అడుగుపెట్టే నాటికే పరాయివాడు అయిపోయాడు. అతన్ని పరాయివాణ్ణి చేసింది అతను పుట్టిన ఊరే, అక్కడ గుమాస్తా రాసిన లెక్కే. ఈ చిత్రంలో నగరం రెండో అంకం మాత్రమే. మొదటి అంకాన్ని జాగ్రత్తగా చూడకపోతే రెండోది మనల్ని ఏడిపిస్తుంది గాని ఏమీ చెప్పదు.

'దో బీఘా జమీన్' అంటే రెండు బీఘాల నేల. ముందు ఆ నేల ఎంతో చూద్దాం. బెంగాల్ కొలతలో బీఘా అంటే 1,600 చదరపు గజాలు, ఎకరంలో దాదాపు మూడో వంతు. బీఘా కొలత ప్రాంతాన్ని బట్టి మారుతుంది గనుక ఆ లెక్కనే తీసుకుంటే, రెండు బీఘాలంటే కోస్తా రైతు లెక్కలో సుమారు 66 సెంట్లు, తెలంగాణ రైతు లెక్కలో 26 గుంటలు. మన ఊళ్లలో ఇంత చెక్కను పొలం అనడానికి కూడా కొందరు సంకోచిస్తారు. ఆ చెక్క మీద శంభు, అతని భార్య పార్వతి, కొడుకు కన్హయ్య, ముసలి తండ్రి గంగూ బతుకుతున్నారు. పార్వతి కడుపుతో ఉంది. ఏళ్ల తరబడి కరువు తర్వాత వాన పడితే ఊరు ఊరంతా ఆడి పాడిన దృశ్యంతో కథ మొదలవుతుంది. ఆ ఆనందం దర్శకుడు అలంకారానికి పెట్టినది కాదు. వాన పడగానే నేలకు విలువ వస్తుంది. నేలకు విలువ రాగానే దాని మీద ఇంకొకరి కన్ను పడుతుంది.

జమీందారు హర్నామ్ సింగ్ పట్నం నుంచి వచ్చిన వ్యాపారులతో కలిసి ఊరి పక్కన మిల్లు కట్టించాలనుకుంటాడు. అతని విశాలమైన భూమికి సరిగ్గా నడుమ శంభు చెక్క ఉంది. ఇక్కడ కాస్త ఆగి గమనించండి. శంభు నగరానికి వెళ్లకముందే నగరం శంభు పొలానికి వచ్చేసింది. పల్లె ఒక లోకం, పట్నం వేరొక లోకం అని విడదీసి చెప్పే కథలు మన సినిమాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. బిమల్ రాయ్ ఆ గీతను మొదటి రీలులోనే చెరిపేశారు. ఆ మిల్లుకు పెట్టుబడి పట్నానిది, భూమి జమీందారుది, ఖాళీ చేయవలసినవాడు శంభు.

ఇక అప్పు సంగతి. శంభు, బడికి వెళ్లే అతని కొడుకు ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకుంటే బాకీ 65 రూపాయలు తేలుతుంది. ఇంట్లో అమ్మదగినదంతా అమ్మి, పార్వతి చెవికమ్మలు కూడా తీసి ఇచ్చేసి, ఆ డబ్బు మూటగట్టుకుని జమీందారు ముందుకు వెళతాడు. అక్కడ గుమాస్తా కాగితం తెరిచి 235 రూపాయలంటాడు. పత్రాలు మార్చేశారు. అప్పు కింద జమా అవుతుందనుకుని శంభు జమీందారు ఇంట్లో చేసిన చాకిరీ ఏదీ ఆ పద్దులోకి ఎక్కలేదు. ఈ 65కు, 235కు మధ్య ఉన్న 170 రూపాయల్లోనే చిత్రం మొత్తం ఉందని నా నమ్మకం. ఒక మనిషి ఒళ్లు వంచి చేసిన పని కాగితం మీదికి ఎక్కకపోతే అది జరగనట్టే. వెట్టి అంటే ఏమిటో తెలిసిన మన ప్రాంతాల వారికి ఈ దృశ్యాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. చేసిన పనికి సాక్ష్యం చేసినవాడి వీపే. ఆ వీపును కోర్టులో దాఖలు చేయడం కుదరదు.

కోర్టు కూడా ఆ కాగితాన్నే నమ్ముతుంది. న్యాయాధికారి క్రూరుడు కాడు, లంచగొండి అని కూడా చూపించలేదు. మూడు నెలల్లో 235 రూపాయలు కట్టాలి, లేకుంటే భూమి వేలానికి వెళుతుంది అంటాడు. ఆ క్షణం నుంచి చిత్రంలో కాలానికి కొత్త బరువు వస్తుంది. అంతవరకూ ఈ మనుషులకు కాలమంటే వాన, దుక్కి, నాటు, కోత. ఇప్పుడు కాలమంటే గడువు.

శంభు నగరంలో స్థిరపడాలని వెళ్లినవాడు కాడని గుర్తుంచుకోవాలి. నగరం మీద అతనికి ఆశ లేదు, మోజు లేదు, కోపం కూడా లేదు. తిరిగి రావడానికే వెళ్లాడు. వలస గురించి మాట్లాడేటప్పుడు మనం తరచు మరిచిపోయే సంగతి ఇది. పాలమూరు జిల్లా నుంచి దేశంలోని ఎన్నో ఆనకట్టల పనులకు వెళ్లిన కూలీలు ఊరు వదిలేద్దామని వెళ్లలేదు. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీర్చి, ఊళ్లో ఉన్న చెక్కను విడిపించుకుందామని వెళ్లారు. ముసలివాళ్లను, తాళం వేసిన ఇళ్లను వెనక ఉంచి వెళ్లారు. అలా వెళ్లిన మనిషికి నగరంలో గడిపే ప్రతిరోజూ అక్కడి బతుకులో ఒక రోజు కాదు, ఊరి గడువులో తరిగిపోయే ఒక రోజు. శంభు కలకత్తాలో దేన్నీ తలెత్తి చూడకపోవడానికి కారణం బెరుకు ఒక్కటే కాదు. అతని చూపు ఎప్పుడూ లెక్క మీద ఉంది.

చిత్రం వచ్చిన కాలాన్ని కూడా తలుచుకోవాలి. జమీందారీల రద్దు దేశమంతటా చర్చలో ఉన్న రోజులవి. మన కోస్తా జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టాన్ని 1948లోనే చేసింది. పశ్చిమ బెంగాల్ తన చట్టాన్ని ఈ చిత్రం విడుదలైన 1953లోనే చేసింది. స్వతంత్ర దేశంలో రైతుకు భూమి దక్కబోతోందన్న మాట వేదికల మీద వినిపిస్తున్నప్పుడు, బిమల్ రాయ్ ఒక రైతు భూమి చట్టప్రకారం పోయిన కథ తీశారు. జమీందారు అనే బిరుదు పోయినా మిల్లు యజమాని రూపంలో అతనే ఉంటాడన్న సంగతి ఆయనకు అప్పటికే తెలిసినట్టుంది. ఈ చిత్రంలో నాకు అన్నిటికంటే ధైర్యంగా కనిపించే సంగతి అదే.

చిత్రానికి పేరు రవీంద్రనాథ్ ఠాకూర్ రాసిన 'దుయి బిఘా జొమి' అనే కవిత నుంచి వచ్చింది. ఆ కవితలో ఉపేన్ అనే పేదవాడి రెండు బీఘాలను జమీందారు తన తోట కోసం దొంగ బాకీ చూపించి, డిక్రీ తెచ్చుకుని లాక్కుంటాడు. ఉపేన్ దేశాలు పట్టి తిరిగి ఏళ్ల తర్వాత ఊరికి వచ్చి, ఒకప్పటి తన మామిడిచెట్టు కింద కూర్చుంటాడు. గాలికి రెండు పండ్లు రాలితే తీసుకుంటాడు. తోటమాలి పట్టుకుంటాడు, జమీందారు అతన్నే దొంగ అంటాడు. చిత్రానికి కథ రాసిన సలీల్ చౌధురి ఈ బీజాన్ని తీసుకుని, ఉపేన్ దేశాటన చేసిన చోట కలకత్తా వీధులను, రిక్షాను పెట్టారు. కవితలో సంచారి సాధువుల మధ్య తిరుగుతాడు. చిత్రంలో రైతు రిక్షా కాడి పట్టుకుంటాడు. కవితలో చివరికి పండ్లైనా రాలాయి. చిత్రం చివర శంభు చేతికి ఏం దక్కిందో మీరు ఇప్పుడే చూశారు. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఈ చిత్రాన్ని తీసినవారి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పరాయి నగరంలో బతుకు వెతుక్కునే మనిషి కథను తీసినవారిలో చాలామంది అలాంటివారే. బిమల్ రాయ్ 1909లో ఢాకా ప్రాంతంలో ఒక జమీందారీ కుటుంబంలో పుట్టారు. తండ్రి పోయిన తర్వాత ఎస్టేటు చూసే మేనేజరు చేసిన మోసంతో ఆస్తి పోగొట్టుకుని, కుటుంబంతో కలకత్తా చేరారు. కాగితాలు చేతిలో ఉన్నవాడు భూమి ఉన్నవాణ్ణి ఎలా వీధిలో నిలబెడతాడో ఆయన మరొక వైపు నుంచి చూశారన్నమాట. కలకత్తాలో న్యూ థియేటర్స్ సంస్థలో చేరి, కెమెరా పని నేర్చుకుని, 1935 నాటి 'దేవదాస్'కు ఛాయాగ్రాహకులయ్యారు. 1944లో 'ఉదయేర్ పథే'తో దర్శకులయ్యారు. ఆ తర్వాత న్యూ థియేటర్స్ వైభవం తగ్గి, దేశ విభజనతో బెంగాలీ చిత్రాలకు తూర్పు బెంగాల్ మార్కెట్ చేజారి, పని దొరకని పరిస్థితిలో తన బృందాన్ని వెంటబెట్టుకుని బొంబాయికి తరలివచ్చారు. అక్కడ సొంతంగా నిర్మాణ సంస్థ పెట్టి తీసిన తొలి చిత్రం ఇదే. కూర్పుతో పాటు చిత్రానువాదం కూడా చేసిన హృషీకేశ్ ముఖర్జీ, ఛాయాగ్రాహకులు కమల్ బోస్ ఆ బృందంలోని వారే.

1952 జనవరిలో బొంబాయిలో మొదలై, తర్వాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు వెళ్లిన మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో వీరు ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' చూశారు. సెట్టింగులు లేకుండా వీధిలోనే, ఒక తండ్రి, ఒక కొడుకు, పోయిన సైకిలు, ఇంతే కథగా తీయవచ్చని ఆ చిత్రం చూపించింది. దాని ప్రభావం దీని మీద స్పష్టంగా ఉంది. అయితే అక్కడి తండ్రి రోమ్ నగరవాసి. అతని కష్టం ఆ నగరంలోనే పుట్టి అక్కడే ముగుస్తుంది. శంభు కష్టానికి వేరు వేరొక చోట ఉంది. బిమల్ రాయ్ డి సికా నుంచి చూసే తీరు నేర్చుకున్నారు, చూడవలసిన దాన్ని మాత్రం బెంగాల్ నుంచే తెచ్చుకున్నారు.

పాటలు రాసిన శైలేంద్ర బీహారు మూలాలున్న కుటుంబంలో రావల్పిండిలో పుట్టి, బొంబాయి మాటుంగాలోని రైల్వే వర్క్‌షాపులో కార్మికుడిగా పనిచేసినవారు. శంభుగా నటించిన బల్‌రాజ్ సాహ్ని కూడా రావల్పిండివారే. విభజనతో ఆ ఊరు వేరే దేశమైపోయింది. ఊరు ఉండి కూడా ఊరికి వెళ్లలేకపోవడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

బల్‌రాజ్ సాహ్ని గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇంగ్లీషులో ఎం.ఏ. చదివి, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పి, యుద్ధకాలంలో లండన్‌లో బీబీసీ రేడియోలో పనిచేసిన మనిషి ఆయన. తన ఆత్మకథలో ఈ చిత్రం గురించి వివరంగా రాసుకున్నారు. సూటు వేసుకుని వచ్చిన ఆయన్ను చూసి, ఇతను నా రైతు కాలేడని బిమల్ రాయ్ వెనకాడారట. అంతకుముందు బెంగాల్ కరువు మీద ఇప్టా అనే ప్రజా నాటక సంఘం వారు తీసిన 'ధర్తీ కే లాల్'లో తాను రైతు పాత్ర వేశానని సాహ్ని చెప్పిన తర్వాతే ఒప్పుకున్నారు. పాత్ర దొరికాక సాహ్ని బొంబాయి శివార్లలోని జోగేశ్వరిలో గేదెలు కాచుకుంటూ బతికే ఉత్తరాది వలసవారి దగ్గరకు వెళ్లి, వారు ఎలా నడుస్తారో, తలపాగా ఎలా చుట్టుకుంటారో, కూర్చునేటప్పుడు మోకాళ్లు ఎలా మడుస్తారో గమనించారు. కలకత్తాలో చిత్రీకరణకు రిక్షా లాగడం సాధన చేశారు.

అంతా చేసినా, పాత్ర ఒంటికి పట్టడం లేదన్న దిగులు ఆయన్ను వదల్లేదు. అలా ఒకనాడు కుంగిపోయి కూర్చున్నప్పుడు నడివయసు దాటిన ఒక రిక్షా కార్మికుడు దగ్గరకు వచ్చి, ఇక్కడ ఏం జరుగుతోందని అడిగాడు. సాహ్ని అతనికి చిత్రకథ చెప్పారు. వింటూ వింటూ ఆ మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతనిది బీహారు. అతనికీ ఊళ్లో రెండు బీఘాల చెక్కే ఉంది, అది జమీందారు దగ్గర తాకట్టులో ఉంది, దాన్ని విడిపించుకోవడానికే అతను ఏళ్ల తరబడి కలకత్తాలో రిక్షా లాగుతున్నాడు. ఇది నా కథే బాబూ అంటూ అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత తాను నటన గురించిన సిద్ధాంతాలన్నీ పక్కనపెట్టి, ఆ మనిషినే తనలోకి తీసుకున్నానని సాహ్ని రాశారు. శంభు ముఖంలో మనకు కనిపించే ఆ అలసట, ఆ మర్యాద ఎవరి దగ్గర నుంచి వచ్చాయో ఇప్పుడు మీకు తెలిసింది. అతని పేరు ఎక్కడా నమోదు కాలేదు. అతని రెండు బీఘాలు తిరిగి వచ్చాయో లేదో కూడా ఎవరూ రాయలేదు.

నిరూపా రాయ్ అప్పటికి పౌరాణిక చిత్రాల్లో దేవతగా పేరుపడిన నటి. ఆమెకు ముతక చీర కట్టి, నగలు లేకుండా నిలబెట్టి పార్వతిని చేయడం చిన్న నిర్ణయం కాదు. జమీందారు ఇంటి ఇల్లాలిగా మీనాకుమారి ఒక్క జోలపాటలో కనిపించి వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో కూడా దయ ఉందని చూపించే ఆ చిన్న సన్నివేశం నాకు ఇష్టం.

ఇప్పుడు నగరానికి వద్దాం. తండ్రికి తెలియకుండా కన్హయ్య కూడా రైలెక్కుతాడు. కలకత్తాలో తొలిరాత్రి ఆరుబయట పడుకుంటే ఉన్న మూట కాస్తా దొంగలు ఎత్తుకుపోతారు. ఇంతవరకూ పట్నం గురించి మనం విన్న కథలే. తర్వాత జరిగేది చూడండి. వీరికి నీడనిచ్చేది ఒక మురికివాడ. అక్కడి ఇంటి యజమానురాలికి నోరు పెద్దది, మనసు మెత్తన. జబ్బుపడిన ఒక ముసలి రిక్షావాడు శంభుకు దారి చూపిస్తాడు. బూట్ పాలిష్ చేసే లాలూ ఉస్తాద్ అనే పిల్లవాడు కన్హయ్యను తన జట్టులో కలుపుకుంటాడు. ఆ పాత్ర వేసిన జగదీప్ తర్వాత పెద్ద హాస్యనటుడయ్యారు. ఈ వాడలో ఎవరూ కలకత్తావాళ్లలా కనిపించరు. అందరూ ఎక్కడినుంచో వచ్చినవారే, ఎవరికి వారు ఏదో ఒక అప్పు మోస్తున్నవారే. ఊళ్లో తరతరాలుగా తెలిసిన జమీందారు మోసం చేశాడు. పట్నంలో ముక్కూముఖం తెలియనివారు ఆదుకున్నారు. నగరమే శంభును మింగిందని చెప్పేవారు ఈ వాడను మరిచిపోతున్నారు.

మనిషి లాగే రిక్షా గురించి ఒక మాట. మనకు తెలిసిన సైకిల్ రిక్షా కాదిది. ఎద్దు కాడి మోసినట్టు మనిషి రెండు కర్రల నడుమ నిలబడి, చెప్పులు లేని కాళ్లతో పరుగెత్తాలి. వేలికి తగిలించుకున్న చిన్న గంటను కర్రకేసి కొడుతూ దారి అడగాలి. బండి చాలామందికి సొంతం కాదు, యజమానికి అద్దె కట్టుకోవాలి. లాగేవారిలో ఎక్కువమంది బీహారు నుంచి వచ్చినవారు. ఈ పద్ధతి మనుషులకు అవమానకరమని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2006లో నిషేధానికి పూనుకుంది. అయినా అది పూర్తిగా పోలేదు. దుక్కి దున్నడం తెలిసిన మనిషిని తీసుకొచ్చి కాడి కట్టించడం అన్న ఊహ, పుస్తకంలో చదివితే మరీ ఎక్కువైన ఉపమానంలా ఉంటుంది. కలకత్తా వీధిలో అది రోజూ కనిపించే సంగతి. బిమల్ రాయ్ దాన్ని ఉపమానంగా వాడలేదు, ఉన్నది ఉన్నట్టు చూపించారు. జనం గుర్తుపట్టకుండా కెమెరాను మరుగున పెట్టి తీసిన దృశ్యాలు కనుక వాటిలో నటన ఎక్కడ ముగిసి వీధి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

ఆ పందెం సన్నివేశాన్ని మీరు మరిచిపోలేరు. ముందు పోతున్న రిక్షాను అందుకోమని, ఇంకా వేగంగా పోతే ఇంకా ఎక్కువ ఇస్తానని బండిలో కూర్చున్నవాడు సరదాగా కూలి పెంచుతూ పోతాడు. శంభు పరుగెత్తుతాడు. గడువు దగ్గరపడింది, ఊరికి పంపవలసిన డబ్బు ఇంకా పోగుకాలేదు. వేగం పెరిగినకొద్దీ కూర్పు కూడా వేగమందుకుంటుంది. కాళ్లు, చక్రం, ముఖం, మళ్లీ కాళ్లు. చక్రం ఊడిపోతుంది. నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఆ పడిపోవడం కాదు, అంతకుముందు అతని ముఖంలో మెరిసిన ఆశ. ఆ ప్రయాణికుడు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. డబ్బే ఇస్తానన్నాడు. శంభు ఒప్పుకునే పరుగెత్తాడు. ఊళ్లో జమీందారు చాకిరీని లెక్కలోకి రానివ్వలేదు. ఇక్కడ ప్రతి అడుగుకూ లెక్క కట్టి ఇస్తామంటున్నారు, కాని ఆ లెక్క పూర్తయ్యేలోగా ఒళ్లే విరిగిపోతుంది.

తండ్రి మంచం పట్టాక కన్హయ్య దొంగతనానికి దిగుతాడు. శంభు దాన్ని కనిపెట్టి కొడుకు మీద మండిపడే ఘట్టంలో సాహ్ని కంఠం పెద్దగా పెరగకపోయినా మనకు వణుకు పుడుతుంది. భూమి పోవచ్చు, కూలి పోవచ్చు, పిల్లవాడు దొంగ కావడం అతనికి అంతకన్నా పెద్ద నష్టం. ఊళ్లో రైతుగా తనకున్న పరువు అదొక్కటే కదా అతని వెంట పట్నం దాకా వచ్చింది. రతన్ కుమార్ అనే ఆ బాలనటుడు మరుసటి ఏడాది 'బూట్ పాలిష్' చిత్రంలోనూ అలాంటి పాత్రే వేశాడు. అయితే ఇక్కడ తండ్రి ముందు తలవంచుకుని నిలబడిన ఆ పిల్లవాడే నాకు ఎక్కువ గుర్తున్నాడు.

ఇక నాకు నచ్చనిది కూడా చెబుతాను. భర్తను, కొడుకును వెతుక్కుంటూ పార్వతి కలకత్తాకు రావడం, ఒక దుర్మార్గుడి చేతిలో పడబోయి తప్పించుకుని పరుగెత్తి కారు కింద పడటం, గాయపడిన ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పిలిచిన రిక్షా సరిగ్గా శంభుదే కావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. అంతవరకూ కాగితం, గడువు, కూలి రేటు నడిపించిన కథను ఇక్కడ విధి చేతికి అప్పగించారు. ఆ కారు లేకపోయినా శంభు గడువులోగా 235 రూపాయలు కూడబెట్టలేడని మనకు అప్పటికే అర్థమైంది. ప్రమాదం జరగడంతో, అది జరగకపోయి ఉంటే ఏమయ్యేదో అన్న చిన్న సందుకు చోటు దొరికింది. ఆ సందు లేకుంటే చిత్రం ఇంకా కఠినంగా, ఇంకా నిజంగా ఉండేది. అయినా కూడబెట్టిన డబ్బంతా పార్వతి రక్తానికి, మందులకు ఖర్చవుతున్నప్పుడు శంభు ముఖంలో ఒక్క క్షణం కూడా సందేహం కనిపించదు. తన దొంగతనం వల్లే తల్లికి ఈ గతి పట్టిందని కన్హయ్య కుమిలిపోతాడు. నేల కోసం అంత తపించిన మనిషి నేలకూ భార్యకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఆలోచించడు. ఆ ఒక్క సంగతి కోసం ఆ ఘట్టాన్ని నేను క్షమిస్తాను.

పాటలు వాస్తవిక చిత్రానికి అడ్డమని కొందరంటారు. శంభు ఊరు విడిచి వెళుతున్నప్పుడు పొలాల్లో రైతులు పాడే 'ధర్తీ కహే పుకార్ కే' పాటకు మాత్రం ఆ మాట వర్తించదు. సలీల్ చౌధురి కట్టిన దాని బాణీకి సోవియట్ సైనికుల పాట ఒకటి ప్రేరణ. నడుస్తున్నవారి అడుగుల లయ అందులో ఉంది. భూమి పిలుస్తోంది, నీ గుర్తు ఏదైనా ఇక్కడ వదిలి వెళ్లమంటోంది అన్న భావం శైలేంద్రది. పోయేవాడికి వీడ్కోలుగా పాడే ఆ పాటను చివరి దృశ్యం తర్వాత మనసులో ఒకసారి మళ్లీ వినండి. ఈ సలీల్ చౌధురే తర్వాత 1974లో మన 'చైర్మన్ చలమయ్య'కు సంగీతం కూర్చారు.

సలీల్ చౌధురి, బల్‌రాజ్ సాహ్ని ఇప్టా ఉద్యమంలోంచి వచ్చినవారు. అదే ఉద్యమానికి మన దగ్గరి శాఖ ప్రజానాట్యమండలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం ఊరూరా ఆడింది ఆ నీడలోనే. ప్రజానాట్యమండలికి ప్రాణం పోసిన గరికపాటి రాజారావు దర్శకత్వంలో, జమునను పరిచయం చేస్తూ 'పుట్టిల్లు' విడుదలైంది కూడా 1953లోనే. బొంబాయిలోను, మద్రాసులోను ఒకే ఏడాది ఒకే ఉద్యమపు మనుషులు నాటకం నుంచి సినిమాకు వచ్చి, తమ మాట కొత్త చోట చెల్లుతుందో లేదో చూసుకుంటున్నారు. వాళ్లు కూడా ఒక విధంగా ఆ పరిశ్రమకు బయటివాళ్లే.

పురస్కారాల సంగతి త్వరగా చెబుతాను. 1954లో తొలిసారి ఇచ్చిన ఫిల్మ్‌ఫేర్ పురస్కారాల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు రెండూ దీనికే వచ్చాయి. అదే ఏడాది కేన్స్ ఉత్సవంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. తొలి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో యోగ్యతాపత్రం లభించింది. 56 ఏళ్లకే, 1966 జనవరిలో, బిమల్ రాయ్ కన్నుమూశారు.

ఇప్పుడు ఆ చివరి దృశ్యం. శంభు, పార్వతి, కన్హయ్య ఊరికి తిరిగి వచ్చారు. గడువు దాటింది, వేలం అయిపోయింది. వాళ్ల చెక్క ఉన్నచోట ఫ్యాక్టరీ లేచింది, చుట్టూ కంచె ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు కంచె బయట నిలబడి లోపలికి చూస్తున్నారు. కలకత్తాలో పెద్ద భవనాల ముందు ఇలాగే నిలబడ్డారు. అక్కడ పరాయివారమని వాళ్లకు తెలుసు, అది తాత్కాలికమనీ తెలుసు. ఇక్కడ అలా నిలబడటానికి గడువు లేదు. శంభు వంగి గుప్పెడు మట్టి తీసుకుంటాడు. కాపలావాడు చూస్తాడు, ఏం తీశావని గద్దిస్తాడు. శంభు గుప్పిట విప్పుతాడు, మట్టి జారిపోతుంది. ముగ్గురూ నడిచి వెళ్లిపోతారు.

ఆ కాపలావాణ్ణి నేను చాలాసార్లు చూశాను. అతను శంభును కొట్టలేదు. అతనికి శంభు ఎవరో తెలియదు. దొంగతనం జరగకుండా చూడమని జీతమిచ్చారు, అతను చూశాడు. అతని సొంతూరు ఏదో చిత్రం చెప్పదు. కొత్తగా లేచిన మిల్లుకు దూరం నుంచి వచ్చి కాపలా కాస్తున్న మనిషి కావచ్చు, అతనికి కూడా ఎక్కడో ఒక చెక్క తాకట్టులో ఉండవచ్చు. వాళ్లు ముగ్గురూ కనుచూపు దాటాక అతను తిరిగి తన చోట కూర్చుంటాడు.

నమస్కారం.